మెయిన్ రాష్ట్రంలోని స్కౌహీగన్ వేసవి చిత్రకళాశాల ఇన్నేళ్లు ఎలా నిలిచింది?

జయనగరం డ్రాయింగు మాస్టారు అడిగారు:

అందరికీ నమస్కారం. బెంగళూరులో మా వీధిలోని తెలుగు కుటుంబాలవారం నెలకొకసారి ఒకరింట్లో కూడి, ఏదో ఒక విషయం మీద ఒకరు మాట్లాడితే మిగిలినవారం వింటూ ఉంటాం. హైస్కూలులో డ్రాయింగు చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి కనుక, రాబోయే సమావేశంలో చిత్రకళా విద్య గురించి చెప్పమని నన్ను అడిగారు. ఏప్రిల్ వచ్చేసరికి మన ఊళ్లో ప్రతి అపార్టుమెంటు క్లబ్‌హౌసులోనూ ఒక వేసవి శిబిరం వెలుస్తుంది, జూన్‌లో బడులు తెరిచేసరికి దాని బ్యానరు కూడా మిగలదు. అందుకని, ఒక వేసవితో ముగిసిపోకుండా తరాల తరబడి నడిచిన వేసవి చిత్రకళా పాఠశాల కథ ఒకటి చెబితే బాగుంటుందనిపించి, అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో 1946లో మొదలై నేటికీ నడుస్తున్న స్కౌహీగన్ పాఠశాలను ఎంచుకున్నాను.

నాకు తెలిసినంతవరకు అది ఏడాదికి తొమ్మిది వారాలు మాత్రమే తెరిచి ఉంటుంది. దాదాపు 65 మంది చిత్రకారులను, శిల్పులను ఎంపిక చేసుకుంటారు. మార్కులు లేవు, పరీక్ష లేదు, చివర చేతికి వచ్చే డిగ్రీ లేదు. నేర్పేవారూ నేర్చుకునేవారూ ఆ తొమ్మిది వారాలూ అక్కడే ఉండి, ఒకే చోట భోజనం చేస్తారు. ఇదంతా వినడానికి బాగానే ఉంది కాని, కాగితం చేతికివ్వని చదువుకు మన సమాజంలో ఎవరు డబ్బు కడతారని మా వాళ్లు తప్పకుండా అడుగుతారు. నా దగ్గర సరైన జవాబు లేదు.

ముఖ్యంగా మూడు సంగతులు తెలుసుకోవాలనుంది. యుద్ధం ముగిసిన మరుసటి ఏడే ఒక మారుమూల పల్లె ప్రాంతంలో ఇటువంటి పాఠశాల పెట్టాలని ఎవరికి, ఎందుకు తోచింది? మిగిలిన కళాశాలలన్నీ ఎన్నడో వదిలేసిన తడి గార మీది చిత్రరచనను, అంటే ఫ్రెస్కోను, అక్కడ మొదటినుంచి ఎందుకు పట్టుకుని ఉన్నారు? అంతకుముందు ఇటువంటి వేసవి పాఠశాలలు ఉండేవా, ఉంటే అవి ఏమయ్యాయి? చదివినవారు, చూసినవారు వివరంగా రాయగలరని ఆశిస్తున్నాను.


మల్లేశ్వరం పాత పాఠకుడు రాశారు:

మాస్టారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు మెయిన్‌లో కంటే ముందు అలాస్కాలో వెతకాలి. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1943లో, అమెరికా సైన్యం యుద్ధ దృశ్యాలను చిత్రించడానికి చిత్రకారులతో దళాలను ఏర్పాటు చేసి వేర్వేరు రంగాలకు పంపింది. అలాస్కాకు వెళ్లిన దళానికి హెన్రీ వార్నమ్ పూర్ నాయకుడు, విలార్డ్ కమింగ్స్ అందులో సభ్యుడు. స్కౌహీగన్‌ను స్థాపించిన నలుగురిలో ఇద్దరు వీళ్లే. వాళ్లు పని మొదలుపెట్టిన కొద్ది కాలానికే, యుద్ధంలో బొమ్మలకు డబ్బెందుకన్న వాదన బలపడి, అమెరికా కాంగ్రెసు ఆ పథకానికి నిధులు నిలిపివేసింది. స్కౌహీగన్ స్థాపకులలో మరొకడైన సిడ్నీ సైమన్ కూడా సైన్యంలో చిత్రకారుడిగా పనిచేసినవాడే. నాలుగవవాడు చార్ల్స్ కట్లర్ శిల్పి.

ఈ నలుగురిలో ఒక్కరూ విద్యాశాఖ అధికారి కాదు, విశ్వవిద్యాలయ పాలకుడు కాదు. నలుగురూ చేతిపని మీద బతికినవాళ్లే. పూర్ అప్పటికే కుండల మీద చిత్రాలు వేసే కుమ్మరిగానూ, వాషింగ్టన్‌లోని న్యాయశాఖ భవనంలో కుడ్యచిత్రాలు వేసినవాడిగానూ పేరు పొందాడు. కమింగ్స్ మనుషుల రూపచిత్రాలు వేసేవాడు. సంపన్న కుటుంబాలతో అతనికి పరిచయాలు ఎక్కువ. అన్నిటికంటే ముఖ్యమైనది, అతని కుటుంబానికి ఆ ప్రాంతంలో పొలం ఉండడం. పాఠశాల పేరు స్కౌహీగన్ ఊరిదే అయినా, స్థలం మాత్రం ఆ పక్కనున్న మాడిసన్ పరిధిలో, వెస్సెరన్‌సెట్ అనే సరస్సు దగ్గర ఉంది. పొలంలోని కొట్టాలే స్టూడియోలయ్యాయి. విశాలమైన కొట్టం, ఎత్తైన కప్పు, ఉత్తరపు వెలుతురుకు పెద్ద కిటికీ ఉంటే చిత్రకారుడు ఇంకేమీ అడగడు కదా.

అది మారుమూల పల్లె అని మీరన్నారు కాని, ఆ సరస్సు ఒడ్డునే లేక్‌వుడ్ అనే వేసవి నాటకశాల 1901 నుంచి నడుస్తోంది. వేసవిలో నగరాల నుంచి మెయిన్ రాష్ట్రానికి వచ్చి ఉండే అలవాటు, వచ్చినవారికి కాలక్షేపం సమకూర్చే ఏర్పాట్లు అక్కడ అప్పటికే స్థిరపడ్డాయి. మనవాళ్లు ఎండలకు ఊటీకో కొడైకెనాల్‌కో వెళ్లినట్లే న్యూయార్కు, బోస్టన్ నగరాలవారు ఉత్తరానికి వెళ్లేవారు. కాబట్టి 1946లో వారు పాఠశాల తెరిచింది జనసంచారం ఎరుగని అడవిలో కాదు.

కాలం కూడా కలిసివచ్చింది. యుద్ధం నుంచి తిరిగివచ్చిన సైనికుల చదువు ఖర్చు ప్రభుత్వమే భరించేలా 1944లో అమెరికాలో చట్టం చేశారు. ఆ డబ్బుతో లక్షలాది యువకులు కాలేజీలలో చేరారు. అంతకుముందు చిత్రకళ చదవాలనే ఊహ కూడా దగ్గరకు రానివ్వని ఇళ్ల పిల్లలు కళాశాలలకు వచ్చారు. వారు ఇరవై నాలుగు, ఇరవై అయిదేళ్ల మనుషులు, యుద్ధాన్ని కళ్లారా చూసి వచ్చినవారు. సీసాను, ఆపిలు పండును బల్ల మీద పెట్టి గీయించే పద్ధతి వారికి సరిపడదు. వారిని విద్యార్థులుగా కాక తోటి చిత్రకారులుగా చూడాలన్న స్కౌహీగన్ ధోరణికి, స్థాపకుల సదుద్దేశంతో పాటు ఆ తరం వయసు, అనుభవం కూడా కారణమని నా అభిప్రాయం.


హిందూపురం వాసి, ప్రస్తుతం యలహంక, రాశారు:

ఫ్రెస్కో గురించి నేను రాస్తాను. మా తాతగారి వైపు తాపీ పని ఉండేది. గానుగ సున్నంతో కట్టిన ఇంట్లో పెరిగినవాణ్ణి కనుక ఈ విషయంలో నాకు కొంచెం ఎక్కువ మాట్లాడే అలవాటుంది, పెద్దలు మన్నించాలి.

రాతి సున్నాన్ని కాల్చి, నీళ్లు పోస్తే అది బుసబుసమని పొంగి విరుగుతుంది. దానిని గుంటలో నీళ్ల కింద నెలల తరబడి, వీలైతే ఏళ్ల తరబడి ఊరనిస్తే వెన్నలా తయారవుతుంది. ఆ సున్నంలో జల్లించిన ఇసుక కలిపి గోడకు రెండు మూడు పూతలు వేస్తారు. అడుగు పూత గరుకుగానూ, పై పూత సన్నగానూ ఉండాలి. ఫ్రెస్కో రహస్యమంతా ఆ పై పూతలోనే ఉంది. ఆ రోజు ఎంతమేర బొమ్మ వేయగలనని చిత్రకారుడు అనుకుంటాడో అంతమేరకే పొద్దున్నే తాపీతో తడి గార పూసి, అది ఆరేలోపు కేవలం నీళ్లతో నూరిన రంగులను దాని మీద వేస్తాడు. జిగురు లేదు, నూనె లేదు. గార ఆరుతున్నకొద్దీ సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా మారుతుంది, ఆ రాతి పొరలో రంగు రేణువులు చిక్కుకుని నిలిచిపోతాయి. సాయంత్రానికి మిగిలిపోయిన తడి గారను అంచు వెంట కోసి పారేయాల్సిందే, మరునాడు ఆ అంచును ఆనించి కొత్త గార పూయాలి. సున్నపు ఘాటుకు తట్టుకోని రంగులు పనికిరావు కాబట్టి జేగురు, పసుపు మట్టి, మసి వంటి మట్టి రంగులకు, ఖనిజ రంగులకు పరిమితం కావాలి. పైగా తడిలో కనిపించిన రంగు ఆరిన తరువాత ఉండదు, తేలిపోతుంది. ఎంత తేలుతుందో చేయి తిరిగినవాడికే తెలుస్తుంది.

మాకు దగ్గరలోని లేపాక్షి వీరభద్రాలయం కప్పు మీద, అచ్యుతదేవరాయల కాలపు చిత్రాలు చూసినవారు ఇది కూడా అదే పద్ధతి అనుకుంటారు. సాధారణంగా నిపుణులు వాటిని ఆరిన గార మీద బంధకద్రవ్యం కలిపిన రంగులతో వేసినవిగా చెబుతారు. రెండు పద్ధతులకూ సున్నపు గారే ఆధారం కాని, చిత్రకారుడి సమయం మీద పెత్తనం మాత్రం తడి పద్ధతిలోనే ఎక్కువ. తడి పద్ధతిలో మన దేశంలో జరిగిన పెద్ద పని చూడాలంటే శాంతినికేతన్ హిందీ భవన్‌లో బినోద్ బిహారీ ముఖర్జీ మధ్యయుగపు భక్తకవుల మీద వేసిన కుడ్యచిత్రాన్ని చూడాలి. ఆయన ఆ పని చేసింది 1946-47లో. అంటే సరిగ్గా స్కౌహీగన్ తెరుచుకున్న కాలంలోనే.

ఇక స్కౌహీగన్‌లో దీనిని ఎందుకు పట్టుకున్నారంటే, ముందుగా పూర్ పేరు చెప్పుకోవాలి. 1920లలో మెక్సికోలో డియెగో రివేరా, హోసే క్లెమెంటే ఒరోస్కో వంటివారు ప్రభుత్వ భవనాల గోడల మీద ఫ్రెస్కోలు వేసి, గోడచిత్రాన్ని ప్రజల ముందుకు తెచ్చారు. దాని ప్రభావం అమెరికాకు పాకి, 1930లలో ఆర్థిక మాంద్యం నాటి ప్రభుత్వ పథకాల కింద తపాలా కార్యాలయాలు, న్యాయస్థానాలు, బడులు అన్నిటిలోనూ గోడచిత్రాలు వెలిశాయి. పూర్ ఆ తరం మనిషి. యుద్ధం తరువాత న్యూయార్కు చిత్రకారులు నైరూప్య చిత్రాల వైపు మళ్లారు, గోడచిత్రం పాతబడిన ప్రచారకళ అన్న ముద్ర పడింది, కళాశాలలు సున్నపు తొట్లను అటక మీదికి ఎక్కించాయి. పొలంలో గోడలకు కొదవ లేని స్కౌహీగన్ మాత్రం ఒక కొట్టాన్ని ఫ్రెస్కోకే కేటాయించి నేర్పడం కొనసాగించింది.

దాని ఫలితాన్ని దగ్గరలోనే ఉన్న సౌత్ సోలన్ ప్రార్థనా మందిరంలో చూడవచ్చు. అది 1842లో కట్టిన తెల్లటి చెక్క భవనం. బయటనుంచి చూస్తే ఆ ప్రాంతంలోని మిగతా మందిరాలకూ దానికీ తేడా ఏమీ ఉండదు. లోపలికి అడుగుపెడితే గోడలూ కప్పూ అంతా ఫ్రెస్కోలే. 1950లలో స్కౌహీగన్‌తో సంబంధమున్న యువ చిత్రకారులు ఒక్కొక్కరు ఒక్కొక్క భాగం తీసుకుని, కొన్ని వేసవులలో దానిని పూర్తిచేశారు. ప్రొటెస్టెంటు మందిరాలలో గోడలు ఖాళీగా ఉంచడమే ఆనవాయితీ కనుక, ఆ ఊరివారు అందుకు ఒప్పుకోవడమే నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగిస్తుంది.

మీ మూడు ప్రశ్నలలో ఇదే ముఖ్యమైనదని నేను అనుకోవడానికి కారణం ఒకటుంది. నూనె రంగులు, నీటి రంగులు ఇంట్లో కూర్చుని కూడా నేర్చుకోవచ్చు. ఫ్రెస్కోకు సున్నం ఊరవేసేవాడు, గార కలిపేవాడు, పూసేవాడు, వేసేవాడు ఒకే చోట, ఒకే ఉదయం ఉండాలి. నలుగురు కలిసి బతకకపోతే ఆ పని జరగదు. మీరు చెప్పిన ఒకే పంక్తి భోజనాలకూ, ఈ కొట్టానికీ సంబంధం లేదనుకోను.


రంగులపెట్టె రాశారు:

హిందూపురం వారి సున్నపు వర్ణన బాగుంది. కాని పాఠశాల నిలవడానికి ఫ్రెస్కోయే కారణమంటే నేను ఒప్పుకోలేను. మాస్టారి మూడవ ప్రశ్నకు జవాబు చూస్తే అసలు కారణం అక్కడే తేలుతుందని నా నమ్మకం.

అమెరికాలో వేసవి చిత్రకళా పాఠశాలలు స్కౌహీగన్‌కు యాభై ఏళ్ల ముందే ఉన్నాయి. వాటికి ముందు రంగును తగరపు గొట్టంలో నింపి జేబులో వేసుకుపోయే వీలు రావాలి. ఆ గొట్టానికి జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు 1841లో పేటెంటు తీసుకున్నాడు. నగరం నుంచి సముద్రతీరానికి రైలు పడాలి. ఈ రెండూ అమరిన తరువాత, ఫ్రెంచి చిత్రకారుల ఆరుబయలు పద్ధతి నేర్చుకోవాలన్న ఉబలాటం కూడా తోడైంది. 1891లో విలియం మెరిట్ చేజ్ లాంగ్ ఐలండ్ తూర్పు కొసన, షినెకాక్ హిల్స్‌లో వేసవి పాఠశాల తెరిచాడు. అక్కడ విడిది కట్టుకున్న సంపన్నులే స్థలమూ డబ్బూ సమకూర్చి అతనిని పిలిపించుకున్నారు. వారానికి రెండు రోజులు పాఠం. సోమవారం నాడు విద్యార్థులు వారమంతా వేసిన చిత్రాలను వరుసగా నిలబెడితే, అందరి ఎదుట చేజ్ ఒక్కొక్కదాని మంచీ చెడూ చెప్పేవాడు. మంగళవారం ఆరుబయట వాళ్ల మధ్య తిరుగుతూ దిద్దేవాడు. విద్యార్థులలో స్త్రీలే ఎక్కువ. 1902తో చేజ్ అక్కడికి రావడం మానుకున్నాడు, పాఠశాల మూతపడింది.

చేజ్ దగ్గర చదివి, సహాయకుడిగా కూడా పనిచేసిన చార్ల్స్ హాథార్న్ 1899లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని ప్రొవిన్స్‌టౌన్ అనే జాలరిపల్లెలో సొంత పాఠశాల పెట్టాడు. అతని పద్ధతి విచిత్రంగా ఉండేది. మోడలును ఎర్రటి ఎండలో, వెలుగుకు వీపు పెట్టి ఇసుకలో నిలబెట్టి, ముఖంలో కన్నూ ముక్కూ గీయనివ్వకుండా, టోపీ నీడలోని ముఖమంతా ఒక్క రంగు ముద్దగా, చుట్టూ ఉన్న వెలుగు మరో ముద్దగా కుంచె బదులు చిన్న తాపీ వంటి కత్తితో పెట్టించేవాడు. వివరాలు గీయడం వచ్చినవాడికి రంగు చూడడం రాదని ఆయన నమ్మకం. ఆ ముద్దముఖాల చిత్రాలు నేటికీ అక్కడి మ్యూజియంలో ఉన్నాయి. హాథార్న్ 1930లో చనిపోయాడు. శిష్యుడు హెన్రీ హెన్షే ఆ పాఠాన్ని దశాబ్దాల పాటు కొనసాగించాడు కాని, అది గురువు పద్ధతిని కాపాడే పనిగానే సాగింది. అదే ఊళ్లో హాన్స్ హాఫ్‌మన్ 1935 నుంచి 1958 వరకు వేసవి పాఠశాల నడిపాడు. పాఠాలు మాని తన చిత్రాల మీదే కూర్చుంటానని హాఫ్‌మన్ నిర్ణయించుకోగానే ఆ పాఠశాల కూడా ఆగిపోయింది.

ఇవి మూడూ గొప్ప పాఠశాలలే. మూడింటికీ గురువే ఆస్తి, గురువే పాఠ్యప్రణాళిక. మన సంగీతంలోనూ, నాట్యంలోనూ గురుకులాలు ఇలాగే నడిచాయి, ఇలాగే ముగిశాయి. స్కౌహీగన్ స్థాపకులు ఈ తీరును చూసినవాళ్లే కాబట్టి, ఒక్కడి పేరు మీద పెట్టకుండా నలుగురు కలిసి పెట్టి, నేర్పేవారిని ఏటా మారుస్తూ వచ్చారు. ఈ వేసవి ఉన్న గురువు మరుసటి వేసవి ఉండడు. అందువల్ల అక్కడ ఒక శైలి పేరుకుపోలేదు, ఒకరు పోయినంత మాత్రాన తలుపులు మూయాల్సిన పనీ రాలేదు.

మరొక మాట. స్కౌహీగన్ అన్నిటికంటే పాతది కాదని మీ వాళ్లకు చెప్పండి. మిషిగన్ రాష్ట్రంలోని సాగటక్‌లో ఆక్స్-బో అనే వేసవి పాఠశాలను చికాగో చిత్రకారులు ఫ్రెడరిక్ ఫర్స్‌మన్, వాల్టర్ క్లూట్ 1910లో మొదలుపెట్టారు. అది నేటికీ నడుస్తోంది. కలమజూ నదికి 1906లో మిషిగన్ సరస్సులోకి నేరుగా కొత్త దారి తవ్వడంతో, పాత వంపు దగ్గర ఉన్న సత్రానికి పడవల రాకపోకలు తగ్గిపోయాయి. గిరాకీ తగ్గిన ఆ సత్రంలోనే చిత్రకారులు మకాం పెట్టారు. క్లూట్ 1915లో చనిపోయినా, ఆ తరువాత ఫర్స్‌మన్ కూడా పోయినా పాఠశాల ఆగలేదు. అక్కడ గురువుల కంటే సత్రమూ, మడుగూ, అడవీ గట్టివి.


జయనగరం డ్రాయింగు మాస్టారు రాశారు:

మీ అందరికీ కృతజ్ఞతలు. హాథార్న్ ముద్దముఖాల పద్ధతి చదివాక, ఎనిమిదో తరగతి పిల్లల చేత నేను ఏళ్ల తరబడి ముక్కూ చెవులూ కొలిపించిన సంగతి గుర్తొచ్చి నవ్వుకున్నాను. రంగులపెట్టె గారి వాదన నాకు బాగా నచ్చింది. అయితే గురువులు ఏటా మారితే విద్యార్థికి క్రమం ఎలా దొరుకుతుందన్న అనుమానం ఒకటి మిగిలింది. అక్కడ చదివి పైకి వచ్చినవారి విషయంలో ఆ తొమ్మిది వారాలు నిజంగా ఏమి చేశాయో ఎవరైనా చెప్పగలరా? మా సమావేశానికి వచ్చే ఒక అమ్మాయి బెంగళూరులోనే చిత్రకళలో డిగ్రీ పూర్తిచేస్తోంది, తానూ దరఖాస్తు పెట్టవచ్చా అని నిన్ననే అడిగింది.


కుమారకృపా రోడ్డు పూర్వ విద్యార్థిని రాశారు:

మాస్టారు గారికి నమస్కారం. నేను కర్ణాటక చిత్రకళా పరిషత్తులో చదివినదాన్ని. మీ అనుమానానికి సిద్ధాంతంతో కాకుండా ముగ్గురి జీవితాలతో జవాబు చెప్పడం మేలనిపిస్తోంది.

మొదటివాడు ఆష్లీ బ్రయన్. నల్లజాతి యువకుడు. న్యూయార్కులోని కూపర్ యూనియన్ కళాశాలలో చదువుతుండగా సైన్యంలోకి తీసుకున్నారు. నార్మండీ తీరంలో దిగిన దళాలలో ఉండి, విషవాయువు ముసుగు పెట్టుకునే సంచిలో కాగితాలూ పెన్సిళ్లూ దాచుకుని, వీలు చిక్కినప్పుడల్లా తోటి సైనికుల బొమ్మలు గీసేవాడు. తిరిగి వచ్చి, 1946లో, స్కౌహీగన్ మొదటి వేసవిలోనే చేరి ఫ్రెస్కో నేర్చుకున్నాడు. పైన చెప్పిన సౌత్ సోలన్ మందిరంలో అతని పని కూడా ఉంది. ఆ వేసవిలో చూసిన మెయిన్ తీరం అతన్ని వదల్లేదు. తరువాతి కాలంలో అక్కడి ఒక చిన్న దీవిలో స్థిరపడి, పిల్లల పుస్తకాలు రాసి బొమ్మలు వేస్తూ 2022లో కన్నుమూశాడు.

రెండవవాడు అలెక్స్ కాట్జ్. 1949లో స్కాలర్‌షిప్పు మీద వచ్చి, మరుసటి ఏడు మళ్లీ వచ్చాడు. అంతవరకు గది లోపల ఆధునిక శైలిలో వేయడం నేర్చుకున్నవాడికి ఇక్కడ ఆరుబయట, ఎదుట ఉన్నదాన్ని చూసి వెంటనే వేయడం అలవాటైంది. జీవితమంతా చిత్రకళకు ఇచ్చేయాలన్న కారణం అక్కడ దొరికిందని ఆయనే చెప్పుకున్నాడు. న్యూయార్కులో నైరూప్య చిత్రాల హోరు నడుస్తున్న కాలంలో పెద్ద పెద్ద చదునైన ముఖాలు వేసి నిలబడగలగడానికి ఆ వేసవులే పునాది. ఆ తరువాత దశాబ్దాల పాటు ఆయన వేసవులు మెయిన్‌లోనే గడిపాడు.

మూడవవాడు డేవిడ్ డ్రిస్కెల్. 1953లో, నల్లజాతివారి హోవర్డ్ విశ్వవిద్యాలయంలో విద్యార్థిగా ఉండగా వచ్చాడు. బడులలో జాతి వేర్పాటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది 1954లో అని గుర్తు పెట్టుకుంటే, అంతకు ముందే ఇక్కడ తెల్లవారూ నల్లవారూ ఒకే పంక్తిలో భోంచేశారన్న విషయం విలువ తెలుస్తుంది. డ్రిస్కెల్ 1976లో ఆఫ్రికన్ అమెరికన్ల రెండు శతాబ్దాల కళ మీద పెద్ద ప్రదర్శన ఏర్పాటుచేసి, అమెరికా కళాచరిత్ర రాసే తీరునే మార్చాడు. తరువాత స్కౌహీగన్‌కు గురువుగా తిరిగి వచ్చాడు. ప్రేమ అన్న ఆంగ్ల పదంలోని నాలుగక్షరాలను రెండు వరుసలుగా పేర్చి ప్రపంచ ప్రసిద్ధుడైన రాబర్ట్ ఇండియానా కూడా ఆ 1953 వేసవిలో అక్కడే ఉన్నాడు.

ఈ ముగ్గురిలో ఎవరూ అక్కడ అక్షరాభ్యాసం చేయలేదు. అందరూ ఎక్కడో ఒకచోట క్రమంగా చదువుకుంటూ, లేదా చదువు ముగించి వచ్చినవారే. గురువులు మారడం మీకు లోపంగా కనిపించింది కాని, క్రమం నేర్పడం స్కౌహీగన్ తన పనిగా ఎప్పుడూ పెట్టుకోలేదు. నేర్చుకున్న క్రమాన్ని ఒక వేసవి పాటు పక్కన పెట్టి, ఇతరులు ఎలా పనిచేస్తారో చూసే అవకాశం అది ఇస్తుంది. స్టూడియో మీదే, రోజు మీదే. గురువులు వచ్చి మీ పని ముందు కూర్చుని మాట్లాడతారు, సాయంత్రాలు తమ పని గురించి ఉపన్యాసం ఇస్తారు. ఆ ఉపన్యాసాలను 1952 నుంచి శబ్దరూపంలో భద్రపరుస్తూ వచ్చారు. ఇరవయ్యో శతాబ్దపు అమెరికన్ చిత్రకారులు తమ సాటివారితో, విమర్శకుల బెడద లేకుండా, మనసు విప్పి మాట్లాడిన మాటలు అంత పెద్ద ఎత్తున మరోచోట దొరకడం కష్టం. ఏటా మారే గురువుల మధ్య ఒక కొనసాగింపు ఉందంటే అది ఈ ధ్వనిముద్రణల వల్లనే అని నేననుకుంటాను.

రంగులపెట్టె గారితో ఒక్కచోట విభేదిస్తాను. గురువులను మార్చడమే నిలకడకు చాలి ఉంటే ఎన్నో పాఠశాలలు నిలిచేవి. కమింగ్స్ పొలం లేకపోతే, తమ రూపచిత్రాలు వేయించుకున్న పెద్దింటివారితో అతనికి ఉన్న చనువు లేకపోతే, స్కాలర్‌షిప్పులకు విరాళాలు వచ్చేవి కావు. స్కాలర్‌షిప్పు లేకపోతే బ్రూక్లిన్‌లో పుట్టి క్వీన్స్‌లో పెరిగిన కాట్జ్ అంత దూరం వచ్చేవాడు కాడు. మనకు దగ్గరి ఉదాహరణ చెన్నై పక్కనున్న చోళమండలం అనే చిత్రకారుల గ్రామం. చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్, ఆయన శిష్యులు 1966లో ఇంజంబాక్కంలో భూమి కొనుక్కోవడానికి డబ్బు ఎవరూ ఇవ్వలేదు. వాళ్లే బాతిక్ బట్టలు, చేతిపని వస్తువులు చేసి అమ్ముకుని కూడబెట్టారు. భూమి సొంతమైంది కాబట్టే పణిక్కర్ 1977లో పోయిన తరువాత కూడా ఆ గ్రామం చెక్కుచెదరలేదు. మన అపార్టుమెంటు శిబిరాలకు క్లబ్‌హౌసు అద్దె గంటల లెక్కన కట్టాలి, ఇంకెక్కడి నిలకడ?

ఆ అమ్మాయి దరఖాస్తు తప్పకుండా పెట్టవచ్చు. వయసు 21 దాటి ఉండాలి. డిగ్రీ ఉందా లేదా అన్నది చూడరు, వేసిన పని చూస్తారు. ఇతర దేశాలవారినీ తీసుకుంటారు. ఏటా వచ్చే దరఖాస్తులతో పోలిస్తే దొరికే చోట్లు చాలా తక్కువ కనుక మొదటిసారే వస్తుందని నమ్ముకోవద్దని మాత్రం చెప్పండి. రుసుములో సహాయం అడిగే వీలుంది, అడగడానికి మొహమాటపడకూడదు. పంపే చిత్రాలు తరగతిలో వేసినవి కాకుండా, సొంతంగా వేసుకున్నవి అయితే మంచిది. ఫొటోలు తీసేటప్పుడు ట్యూబులైటు కింద కాక, పొద్దున పూట వరండాలో నీడ పట్టున పెట్టి తీయమనండి. లేకపోతే రంగులు ఉన్నవి ఉన్నట్లు పడవు.